ఇసుక నేల మీద లేతు మిషను

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. గాలికి మాటంతా సముద్రం వైపు కొట్టుకుపోతోంది, దూరంగా కూర్చుంటే సగమే చెవిన పడుతుంది. కాసులమ్మకి ఆ గురువారం ఎంత ఒళ్ళు మండిందో మీరు పూర్తిగా వినాలి.

కాసులమ్మంటే ఎవరో కాదు. కవిటి దాటి, కొబ్బరితోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఎండుచేపల పాక ఉందే, అది ఆవిడదే. మొగుడు దాలయ్య. నలభై ఏళ్ళు చేపల వేటకి వెళ్ళినవాడు. నెత్తిన వెంట్రుకలెన్నో అన్ని తుఫానులు చూశానంటాడు. ఇప్పుడా వెంట్రుకలు లేవు గనక లెక్కపెట్టే దారి లేదు.

కిందటేడు ఒడ్డుకొచ్చే అలలో నావ ఎగిరి దాలయ్య కుడిభుజం కీలు తప్పింది. పట్టుకున్న తాడు జారి నీళ్ళలో పడ్డాడు. మేనల్లుడు పోలారావు చొక్కా పట్టి లాగాడు గనక బతికాడు. టెక్కలిలో డాక్టరు ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకి పట్టి చూసి, “ఈ చేత్తో తాడు లాగితే మళ్ళీ ఊడుతుంది. నీళ్ళలో ఊడిందంటే నా దగ్గరికి రావడానికి మనిషి మిగలడు” అని తెగేసి చెప్పాడు.

ఆ మాట కాసులమ్మ గుండెలో ముల్లులా దిగిపోయింది. దాలయ్యకి మాత్రం ఒక చెవిలోంచి వచ్చి రెండో చెవిలోంచి పోయింది. రోజూ ఒడ్డున కూర్చుని వచ్చిన ప్రతి నావకీ వంక పెట్టేవాడు. చివరికి, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు అశ్విని ఒకటి కనిపెట్టింది. నాన్న ఫోనులో కర్రలు చెక్కే వీడియోలు కళ్ళార్పకుండా చూస్తున్నాడని. వెంటనే లేతు మిషను తెప్పించింది. కర్రని రెండు మొనల మధ్య బిగిస్తే గిర్రున తిరుగుతుంది. ఉలి ఆనిస్తే చాలు, గుండ్రంగా చెక్కుకుపోతుంది. భుజానికి బరువు లేని పని.

ఈలోగా పోలారావు నావలో ఒక మనిషి తగ్గాడు. దాలయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

“మిషను తిరిగిందా సరే. తిరగనేదో, సనివారం నాను నావెక్కుతాను. ఎవుడాపుతాడో సూత్తాను” అన్నాడు.

అంటే ఏమిటన్నమాట? ఆ మిషను తిరిగి తీరాలి. దాన్ని తయారు చేసినవాడికి కూడా అంత ఆత్రం ఉండదు, కాసులమ్మకి ఉన్నంత. కాని తిప్పవలసినవాడు దాలయ్యాయె. అక్కడే వచ్చింది చిక్కు.

గురువారం పొద్దున్న పలాస నుంచి ఢిల్లీబాబు ఆటోలో పెట్టె దిగింది. పెట్టె దిగింది గాని ఢిల్లీబాబు కదల్లేదు. కాసులమ్మకి దూరపు తమ్ముడి వరస, అప్పా అని పిలుస్తాడు. పాకలో బోర్లించిన బుట్ట మీద కూర్చుని, టీ అడిగి, సలహాలు మొదలుపెట్టాడు.

పెట్టెతో వచ్చిన పుస్తకంలో బొమ్మలున్నాయి. స్టాండు నాలుగు కాళ్ళూ సిమెంటు గచ్చుకి బోల్టులతో బిగించాలని బొమ్మలోనే తెలుస్తోంది. అశ్విని ఫోనులో అదే చెప్పింది. పాకలో ఉన్నది ఇసుక నేల. కాసులమ్మ పది బుట్టల సిమెంటు పోయించుకుందాం, రెండ్రోజులు ఆగమంది.

“రెండ్రోజులా? సనివారం దాటిపోద్ది” అన్నాడు దాలయ్య. “నాను కట్టిన ముడి నలభై ఏళ్ళలో ఒక్కటి ఊడిందేటే? బోల్టంటే మర, మరంటే ఎప్పుడో ఒకప్పుడు వదులుద్ది. ముడి వదల్దు.”

నావ తాడు తెచ్చి, స్టాండు కాళ్ళకి చుట్టి, పాక నడుమ రాటకి బిగించి కట్టాడు. మిషను ముఖం సముద్రం వైపు పెట్టాడు. అదెందుకని అడిగితే తలకాయ ఉన్నవాడెవడూ సముద్రానికి వీపు పెట్టడన్నాడు. కాసులమ్మ స్టాండు కొంచెం సరిచేద్దామని చెయ్యి వేయబోయింది.

“ఆగే! ముట్టకు! తొలి ఏటకెల్లీదాక నావ మీద ఆడమనిషి సెయ్యి పడనిచ్చినాడా మా నాయిన?”

“ఇది నావేటయ్యా? కరెంటు మిషను.”

“ఏదైనా తొలి పని తొలి పనే.”

“ఆ ఫ్యాక్టరీలో దీన్ని పెట్టెలో పెట్టినోళ్ళలో ఆడోళ్ళు నేరేటి?”

“ఆల్ల ముట్టుడు ఆల్లది. ఇది మన పాక.”

“నిజమే అప్పా, సెంటిమెంటు సెంటిమెంటే” అన్నాడు ఢిల్లీబాబు టీ ఊదుకుంటూ.

“నువ్వు టీ తాగి ఆటో ఎక్కరా నాయినా, బేరాలు పోతాయి” అంది కాసులమ్మ. వాడు ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

సరే, పప్పుగుత్తి చేస్తానన్నాడు దాలయ్య. కట్టెల మోపులోంచి పచ్చి సరుగుడు దుంగ తీశాడు. బెరడైనా ఒలవలేదు. ఒక కొస లావు, ఒక కొస సన్నం. నడుమ కుక్కతోకలా వంపు. కాసులమ్మ ఉండబట్టలేక, “నడిమద్దె గుర్తు పెట్టుకుని బిగించయ్యా, వంకరగుంది” అంది. “సూపుతోనే కొలిసినాను. సంద్రం మీద దిక్కులు సూపుతో కొలిసినోడికి ఈ ముక్కో లెక్కా?” అని బిగించేశాడు. బిగించి, నిమ్మకాయ తిప్పి, గంగమ్మకి దణ్ణం పెట్టి స్విచ్చి వేశాడు.

గుర్రుమంది. దుంగ గిర్రున తిరిగింది. “సూసినావా!” అన్నాడు దాలయ్య. ఆ మాట పూర్తయ్యేసరికే మిషను గజగజలాడింది. వంకర దుంగ ఊపుకి స్టాండు ఒక కాలు ఇసుకలో దిగేది, ఎదురుకాలు పైకి లేచేది. దిగుతూ లేస్తూ, పీతలా పక్కకి నడవడం మొదలుపెట్టింది!

“బావా! ఏటకెల్తందిరో బావా!” అని అరిచాడు ఢిల్లీబాబు.

నిజంగానే సముద్రం వైపే పోతోంది. తాడు బిగుసుకుంది. తాడు వెంట రాట వంగింది, రాట వెంట అటక ఒరిగింది. అటక మీద కాసులమ్మ వారం రోజులు ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు ముగ్గురి నెత్తి మీదా వాన కురిసినట్టు కురిశాయి. దాలయ్య స్విచ్చి దగ్గరికి పోకుండా తాడు దగ్గరికి పోయి చూశాడు.

“ముడి ఊడనేదు! సూడే, ముడి ఊడనేదు!”

పాక ఊడిపోతోంది, మనిషి ముడి చూసి మురిసిపోతున్నాడు! ఏం మనిషర్రా! కాసులమ్మ ఒక్క అంగలో పోయి కరెంటు తీగ పట్టి లాగేసింది. మిషను ఆగింది. ఢిల్లీబాబు నోట్లోంచి ఒక నెత్తల్ని ఊశాడు.

ఇప్పుడు దాలయ్య ఏమన్నాడనుకున్నారు? ఆపినందుకు మంచి పని చేశావన్నాడా? చేతిలో ఉలి ఇసుకలోకి విసిరికొట్టాడు.

“ముట్టేసినావు! తొలి తిరుగుడులోనే ఆడసెయ్యి పడిపోనాది. ఇంకేటి తిరుగుద్ది? పోలారావుకి కబురెట్టు, సనివారం వత్తన్నానని.”

కాసులమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న తీగతోనే రెండు అంటిద్దామనుకుంది. కాని ఆవిడకి తెలుసు, ఈ మనిషిని కోపంతో తిప్పలేం. ముప్ఫై ఆరేళ్ళ కాపురం కాదేటి. జుట్టులోంచి చేపలు తీసుకుంటూ నెమ్మదిగా అడిగింది.

“సరే, ఎల్దువుగాని. ఒకటి సెప్పు. ఒట్టి నావ నీళ్ళలోకి తోత్తే ఏటవుద్ది?”

“ఏటవుద్దేటి, అల అలకీ గెంతుద్ది. అడుగున బరువుండాల. ఇసక మూటలేత్తాం. నలభై ఏళ్ళు నావ నడిపినోడి పెళ్ళానివి, ఆమాత్రం తెల్దా...”

మాట అక్కడ ఆగింది. దాలయ్య స్టాండు వైపు చూశాడు. స్టాండు అడుగున ఇనప పలక ఉంది, ఖాళీగా ఉంది. ఢిల్లీబాబు కూడా అటే చూశాడు. గొంతు సవరించుకుని, “నానూ అదే సెబుదావనుకున్నాను” అన్నాడు దాలయ్య.

చేపలకి పట్టించే ఉప్పు మూటలు నాలుగు ఓ మూలన ఉన్నాయి. దాలయ్య వాటి మీదికి వంగబోతే, “ఆగయ్యా! ముట్టకు! నీ భుజం” అంది కాసులమ్మ. ఆ ‘ముట్టకు’ అన్న మాటకి ఆవిడ కడుపు ఎంత చల్లబడిందో నేను చెప్పక్కర్లేదు. ఆవిడా ఢిల్లీబాబూ కలిసి మూటలు పలక మీదికి ఎక్కించారు. కాళ్ళు ఇసుకలో దిగకుండా పాత నావ చెక్కలు కింద వేశారు. దుంగ రెండు కొసలా నూలు పట్టి, నడిమధ్య చూసి, బొగ్గుతో గుర్తు పెట్టింది ఆవిడే.

మళ్ళీ స్విచ్చి వేశారు. గుర్రుమంది. మిషను కొంచెం వణికింది గాని కదల్లేదు. దాలయ్య ఉలి ఆనించాడు. బెరడు లేచింది, తెల్లటి చెక్కపొరలు మొహం మీదికి ఎగిరాయి. ముసలాడు చిన్నపిల్లాడిలా నవ్వాడు. కాసులమ్మకి ఊపిరి వచ్చింది.

వచ్చిన ఊపిరి నిలవనిస్తేనా! ఒక పక్క లోతు తెగిందని రెండో పక్క చెక్కాడు, అది ఎక్కువైందని మళ్ళీ మొదటి పక్క చెక్కాడు. మధ్యాహ్నానికి పప్పుగుత్తి కాస్తా కవ్వమైంది. కవ్వం గరిటె కాడైంది. కాసులమ్మ పప్పు ఉడికి, చల్లారి, గుత్తి కోసం చూసి చూసి గట్టిపడింది. పైగా, “ఉప్పు తగిల్తే ఇనుము తుప్పట్టుద్ది, ఎవరెట్టమన్నారే ఈ మూటలు?” అని గొణుగుడొకటి!

సరిగ్గా అప్పుడే పోలారావు వచ్చాడు.

“మావా, సనివారం తెల్లారకట్ల బయలెల్లిపోదామా?” అంటూ దాలయ్య చేతిలో ఉన్నది చూశాడు. “ఇదేటిది? పప్పుగుత్తా, పళ్ళు కుట్టుకునే పుల్లా?” అని పగలబడి నవ్వాడు.

వీడి నోరు పడిపోను! పొద్దుటి నుంచి తను పడ్డ పాటు ఒక్క నవ్వుతో సముద్రం పాలు చేశాడనుకుంది కాసులమ్మ. దాలయ్య మొహం ఎర్రబడింది. బయట అల మీద నావ ఊగుతోంది. అటు చూశాడు. చేతిలో పుల్ల వైపు చూశాడు. ఆవిడ తలుపు కొయ్య పట్టుకుని నిలబడిపోయింది.

“నవ్వినావేట్రా?” అన్నాడు దాలయ్య. “సనివారం పొద్దున్న రా. నీ నోట్లో పట్టనంత గుత్తి సేసి సూపిత్తాను.”

“సనివారం నావ...”

“నావకి ఇంకోడ్ని ఎతుక్కో. నాకు పనుంది.”

ఇంకో దుంగ కోసం మోపులోకి వంగాడు. కాసులమ్మ లోపలికి పోయి, గట్టిపడ్డ పప్పులో వేడినీళ్ళు పోసి, పోలారావుకి ముందు వడ్డించింది. అడక్కుండా రెండోసారి కూడా వేసింది. ఎందుకో వాడికి అర్థం కాలేదు.

ఇప్పుడా పాకలో పొద్దస్తమానం గుర్రుమంటూనే ఉంటుంది. నెత్తళ్ళలో చెక్కపొట్టు వస్తోందని కవిటి సంతలో బేరగాళ్ళు తిడుతున్నారు. కాసులమ్మ వాళ్ళని తిడుతోంది, ఇంటికొచ్చి దాలయ్యని తిడుతోంది. ఆయన మాత్రం ఒడ్డున కూర్చున్న వాళ్ళందరికీ, మిషను తన ముడి బలం మీద నిలబడిందని చెప్పుకుంటున్నాడు.

అందుకే మీతో చెబుతున్నాను. మీ మనసులో పెట్టుకోండి, మీ పిల్లలకి చెప్పేటప్పుడు ఒక్క ముక్క తప్పకుండా చెప్పండి. దాలయ్య నవ్వినట్టు నవ్వండి, ఢిల్లీబాబు అరిచినట్టు అరవండి, మీ ఇష్టం. కాని ఆ నాలుగు ఉప్పు మూటలు ఎత్తించింది కాసులమ్మేనని చెప్పడం మాత్రం మరిచిపోకండి.