పులిసి నవ్విన బీరు

పలమనేరులో వరదమ్మ పొద్దున్నే లేచి పిండి గిన్నెకు చెవి ఆనించేది. పిండి సరిగ్గా పులిసి ఉంటే కిలకిలా నవ్వేది. అప్పుడే పెనం పొయ్యిమీద పెట్టేది. దోసెపిండయినా అంబలయినా, పులుపు కుదిరితే ఆ ఇంట్లో నవ్వాల్సిందే. పక్కింటి సుభాన్‌బీ కూడా తన పిండిని రాత్రికి అక్కడే పెట్టి పోయేది.

వరదమ్మ భర్త ఎల్లప్ప బెంగళూరు బీరు ఫ్యాక్టరీలో హాప్స్ మూటలు మోసి రిటైరయ్యాడు. హాప్స్ అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే ఎండు పూలు. జర్మనీ పువ్వు, ఇంగ్లండు పువ్వు, కాశ్మీరు పువ్వు ఒక్కోటీ కాస్త అడిగి తెచ్చుకున్నాడు.

కూతురు పంకజాక్షి తిరుపతిలో బీయస్సీ చదివింది. ఆ ఫ్యాక్టరీ లాబులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. ఆడపిల్లను తీసుకోరన్నారు అందరూ.

"నోటితో చెప్తే వినరు నాయనా. బీరు చేసి తీసకపోతా" అంది పంకజాక్షి.

మొలకెత్తిన రాగులు ఎండబెట్టి దంచి, నానేసి, ఆ తేట మరిగించి జర్మనీ పువ్వు వేసింది. చల్లారాక ఈస్టు కలిపి జాడీలో పోసింది. నురగ పొంగింది గానీ జాడీ నవ్వలేదు. రెండోసారి ఇంగ్లండు పువ్వు వేస్తే జాడీ కాసేపు గొణిగి ఊరుకుంది.

"జర్మనీదే ఇంకొంచెం ఎయ్యమ్మా. దొరలంతా దాన్నే అడుగుతారు" అన్నాడు ఎల్లప్ప.

"చేదు ఎక్కువైతే రాగి యాడ కనపడతాది నాయనా?"

ఈసారి కాశ్మీరు పువ్వు తీసుకుంది. పొయ్యిమీంచి దించే ముందు వేసి మూత పెట్టింది. నాలుగైదు రోజులకు, మిట్టమధ్యాహ్నం, జాడీ పకపకా నవ్వింది.

"ఈ పొద్దుకాడ పిండి ఎవురే కలిపింది?" అంటూ వరదమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఇంటర్వ్యూలో పెద్ద ఆఫీసరు కాగితాలు మూసేస్తూ, "ఇది ఆడవాళ్లు చేసే పని కాదమ్మా" అన్నాడు. పంకజాక్షి సీసా తీసి బల్లమీద పెట్టి మూత విప్పింది. బీరు నవ్వింది. ఆయన గ్లాసులో పోసుకుని గుటక వేశాడు. మళ్ళీ వేశాడు.

"ఏ పువ్వు వేశావు?"

"కాశ్మీరుది సార్. రాగిని తొక్కేయదు, పక్కన నిలబడుతుంది."

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మా నాయన ఇక్కడే మూటలు మోసినాడు సార్. ఏ వాసన ఏ పువ్వుదో ఆయన చొక్కాలు ఉతుకుతా నేర్చుకున్నా."

ఆయన మూసిన కాగితాలు మళ్ళీ తెరిచాడు.

చేరిన రోజు కూతుర్ని దిగబెట్టడానికి ఎల్లప్ప కూడా వచ్చాడు. ఆమె తెల్లకోటు వేసుకుని లోపలికి పోయాక కూడా లారీల దగ్గరే నిలబడ్డాడు. కొత్త కూలీ ఒకడు హాప్స్ మూటను ధబీమని పడేశాడు.

"మెల్లిగా దించబ్బా!" అన్నాడు ఎల్లప్ప, రొమ్ము విరుచుకుని. "పువ్వు నలిగితే మా పాప ఒప్పుకోదు."