ఉడుకు నీళ్లల్ల గొంగడి

నల్గొండల గడియారం స్తంభం కాడ జీపు ఆపేటాళ్లకు పొద్దుగాల పది కూడా కాలేదు గని, మిషన్ దవాఖాన జీపు నడిపే ఇస్రాయేలుకు మూడు దినాల సంది నిద్ర లేకుండ బండి నడిపినట్టే ఉంది. ఇది మూడో దుకాణం. ముందటి రెండింట్ల దొరకలేదు. ఇక్కడ గూడ దొరకకపోతే ఇగ అయిపోయినట్టే. ఆయన సీటు కింద గోనెసంచిల చుట్టి పెట్టిన ముల్లె ఒకటుంది, దాన్ని సిస్టరమ్మ చూడొద్దు. చూడకముందే అసుంటిది ఇంకోటి దొరకాలె. పొద్దటి సంది ఆయన పడుతున్న యాతనంత గదే.

సిస్టరమ్మ అంటే సిస్టర్ జెమ్మా. ఇటలీల ఫ్లోరెన్స్ అని పాత పట్నం, అక్కడికెళ్లి అరవై నాలుగుల ఇక్కడి మిషన్ దవాఖానకు వచ్చి, ఇరవై ఎనిమిదేండ్లు కుష్టు రోగుల పుండ్లు కడుగుకుంట ఇక్కడిదే అయిపోయింది. ఊర్లల్ల అందరు జెమ్మమ్మ అంటరు. మాట్లాడితే కండ్లు మూసుకొని ఇంటె మర్రిగూడ దిక్కు ముసలమ్మ అనుకోవాలె, అంత యాస. ఇప్పుడు మోకాండ్లు పనిజేస్తలేవు, మఠం పెద్దోళ్లు ఇటలీకి వాపస్ వచ్చెయ్యమన్నరు, రేపు తెల్లారంగనే హైదరాబాద్, అక్కడ విమానం. మల్ల రాదు.

పోయిన నెల వాళ్ల చెల్లె జాబు రాసింది. "అక్కా, వచ్చేటప్పుడు ఒక్కటే ఒక్కటి తే, చేత్తో చేసింది. ఎవరి చెయ్యో పేరు చెప్పి ఇయ్యాలె" అని. ఎందుకంటే వాళ్ల నాయిన తోలు పెట్టెలు చేసేటోడు, ఫ్లోరెన్స్ల నది ఒడ్డున సన్న గల్లీల దుకాణం. కొననీకి వచ్చినోళ్లు ధర అడిగితే కోపమొస్తుండె ఆయనకు. ముందు ఎవరి చెయ్యి అని అడగాలె, గప్పుడు ధర. ఇప్పుడు ఆ గల్లీ నిండ తోలు దుకాణాలేనంట, ప్రతిదాని మీద చేత్తో చేసింది అని బోర్డు, ఎవరి చేత్తోని అంటే మాత్రం దుకాణపాయన లోపలికి పోయి మల్ల బయటికి రాడంట.

జాబు చదివి జెమ్మమ్మ ఒక్క మాటే అన్నది. "గాలయ్య గొంగడి."

గాలయ్య మర్రిగూడ అవుతల ఒక ఊర్లె ఉంటడు, కురుమాయన. భార్య అండాలు గొర్రెబొచ్చు వడికితే ఆయన మగ్గం మీద నేస్తడు. వచ్చిన కొత్తల జెమ్మమ్మకు జరమొచ్చి ఆ ఊర్లె పడిపోతే రెండు దినాలు వాళ్లింట్ల గొంగడి కప్పుకొనే పన్నది. ఇంత దాక అది మరవలేదు. ఇస్రాయేలు పుట్టిన ఊరు గూడ అదే. ఎనిమిది దినాల కింద పోయి గొంగడి తెచ్చిండు. నల్లగ, నిగనిగ, చింతగింజల గంజి పట్టిచ్చి కొయ్యలెక్క నిలబడ్డది. తెచ్చి సక్కగ దవాఖానల ఇయ్యక ఇంటికి తీస్కపోయిండు, అక్కడ కొంపమునిగింది.

"ఇస్సీ, ఏం వాసనయ్యా గిది!" అన్నది ఆయన భార్య సోమమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని. "విమానంల పక్కన కూసున్నోళ్లు లేచిపోతరు."

"విమానంల లేచి యాడికి పోతరే?"

"గదే నేననేది. పాపం పోనీకి జాగా గూడ ఉండదు."

నవ్విండు గని ఆయనకూ గట్లనే అనిపించింది. ఆ దేశపోళ్లు మూట విప్పంగనే గుప్పుమని గొర్రె వాసన, చింతగింజల పులుపు వాసన, ఇరవై ఎనిమిదేండ్లు వీళ్ల నడుమనా నువ్వు బతికింది అని అనరా? మన పరువేం గావాలె? ఇద్దరు కలిసి పెద్ద గుండిగల నీళ్లు కాగబెట్టిన్రు, సబ్బు పొడి పోసిన్రు, ఇంత సోడా ఏసిన్రు, గొంగడి ముంచి కట్టెతోని దంచిన్రు. రెక్కలు పడిపోయేదాక దంచిన్రు. ఆరేసినంక చూస్తే ఆరడుగుల గొంగడి ముడుచుకొని ముడుచుకొని, పట్టుమని పసిపోరనికి కప్పేంత అయ్యింది. గుంజితే సాగది, తడిపితే మెత్తబడది. సోమమ్మ దండెం కిందనే కూలబడ్డది. "దేవుడా, ఉతికితే గొంగడి గూడ సస్తదా?"

గదీ ఆ ముల్లె సంగతి. ఇన్ని దినాలు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నడు. పొద్దున "ఇంకో గొంగడి చూద్దాం సిస్టరమ్మా, మీ చెల్లెకు ఒకటైతే మీకూ ఒకటి ఉండాలె గద" అని జీపెక్కిచ్చిండు. ఆమె ఏమనలేదు. పాపం, ఎక్కనీకి రెండు చేతులతోని తన కాలు తనే ఎత్తి లోపల పెట్టుకున్నది.

ఈ మూడో దుకాణం వహీద్‌ది, తాతల నాటి కంబళ్ల దుకాణం. పోంగనే స్టూలేసిండు, చాయ్ చెప్పిండు, ఫ్యాను తిప్పిండు, నల్ల కంబళి ఒకటి తెచ్చి ఆమె ఒడిల పరిచిండు.

"అసలు మాల్ అమ్మా. చేతి పని. చూడుండ్రి, ఎంత మెత్తగుందో."

జెమ్మమ్మ చెయ్యి పెట్టి రాసింది, ముక్కుకు పెట్టుకున్నది. "దీంట్ల గొర్రె లేదు నాయినా."

"ఉంది అమ్మా, రుపాయల చారాన అంత ఉంటది."

"ఎవరి చెయ్యి?"

వహీద్ ఇస్రాయేలు దిక్కు చూసిండు. ఇస్రాయేలు ఫ్యాను దిక్కు చూసిండు. దుకాణపాయన లోపలికైతే పోలేదు, నవ్వి ఇంకో స్టూలు మీద కూలబడ్డడు. "అబద్ధం ఎందుకమ్మా, మిషను చెయ్యి. మా దాదా ఉన్నప్పుడు శనివారం శనివారం కురుమోళ్లు గొంగళ్లు మోసుకొచ్చి గీ అరుగు నిండ కుప్పలు పోస్తుండె. ఇప్పుడు ఎవలు నేస్తుర్రు, ఎవలు కప్పుకుంటుర్రు? నల్ల గొర్రెలే లేకపాయె. అందరు ఎర్ర గొర్రెలు పెంచబట్టిరి, కోతకు మంచి రేటొస్తదని. ఆఖరికి ఒక్కడు మిగిలిండు మర్రిగూడ అవుతల, గాలయ్యని..."

"పోదాం" అన్నది జెమ్మమ్మ లేసుకుంట. "పోయేముందు గాలయ్యను, అండాలును చూసినట్టు గూడ ఐతది."

ఇస్రాయేలు సగం తాగిన చాయ్ కింద పెట్టిండు. గని ఒక ఆశ గూడ పుట్టింది, ఏమో, ఇంకోటి నేసి పెట్టిండేమో, సప్పుడు గాకుండ తీసుకుంటే ఈ ముల్లెను తొవ్వల బాయిల పడేస్తే అయిపాయె.

మే నెల ఎండ. చండూరు దాటినంక చెట్టు లేదు నీడ లేదు, పత్తి కట్టె పీకేసిన చెల్కలు ఎర్రగ కాలుతున్నయి, రోడ్డు మీది గుంతలు గుంతలు కావు, దొనలు. గుంత పడ్డప్పుడల్ల జెమ్మమ్మ మోకాలు పట్టుకొని "అమ్మా" అంటది, మల్ల తనే "ఏం కాలే, పో" అంటది. ఎంత అలిసిపోయిందో ముఖం చూస్తే తెలుస్తాంది. ఇస్రాయేలుకు రెండు మాట్ల నోటి దాక వచ్చింది చెప్పేద్దామని. రెండు మాట్ల గేరు మార్చిండు, అంతే.

గాలయ్య ఇంటి ముందట పందిరి కింద గోడకు ఒరిగి కూసొని ఉండె. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి ఆయన నడుం కొయ్యబారింది, మోకాండ్లు వంగవు, మెడ తిప్పాలంటే మనిషంత తిరగాలె. జీపు సప్పుడుకు గట్లనే మనిషంత తిరిగి చూసి, కండ్ల నిండ నవ్విండు.

"జెమ్మమ్మా! లేద్దామంటే లేవొస్తలేదు, తప్పనుకోకు."

"నాకూ అంతే గాలయ్యా. ఇద్దరం కట్టెలమైనం."

"నువ్వు మంచి నీళ్లు తాగి గూడ ఐనవు. మేమంటే ఈ నీళ్లతోని ఐనం."

అండాలు గొంగడి ముక్క తెచ్చి పరిచి జెమ్మమ్మను కూసోబెట్టింది, ముంతల సల్ల పోసిచ్చింది. ఇస్రాయేలు ఇంట్లకు తొంగి చూసిండు. నేసేటోడు కాళ్లు దించి కూసునే మగ్గం గుంతల బియ్యం బస్తా ఉంది. మిగిలిన గుంత మీద పలకలు పరిచి డబ్బాలు పెట్టిన్రు.

"మామా, ఇంకొక్క గొంగడి..." అన్నడు మెల్లగ.

"యాడిది బిడ్డా? నీకిచ్చినదే ఆఖరిది. గుంతలకు దిగితే ఎక్కొస్తలేదు, ఎక్కితే దిగొస్తలేదు. అండాలు వడికిన నూలు ఉంటుండె, జెమ్మమ్మ కోసమంటివి గాబట్టి ఇరవై దినాలు పానం గట్టిగ పట్టుకొని నేసిన. నేసినంక మగ్గం ఇప్పేసిన." జెమ్మమ్మ దిక్కు తిరిగిండు, మనిషంత. "చెప్పకపోతివి గద అమ్మా, ఎట్లుంది? కప్పుకుంటివా?"

"నేనింకా చూడనే లేదు. ఇస్రాయేలు ఇంట్లనే ఉంది."

ముగ్గురు ఇస్రాయేలు దిక్కు చూసిన్రు. ఇగ దాచనీకి ఏముంది? ఆఖరిది అని తెలిసినంక దాస్తే మనిషే కాదు. జీపు కాడికి పోయిండు, ముల్లె తెచ్చిండు, గోనె విప్పి ఆ ముడుచుకపోయిన తునకను గాలయ్య కాళ్ల ముందట పెట్టిండు.

ముందుగాల అండాలుకు నవ్వొచ్చింది, ఆపుకోవాలని చూసింది, కాలే. "ఓ తమ్మీ, నీకిచ్చినప్పుడు పెద్దగ ఉండె గద! ఉపాసం ఉంచినవా ఏంది?"

"ఉతికిన అక్కా. ఉడుకు నీళ్లల్ల."

"ఉడుకు నీళ్లల్లనా!" అండాలు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నది. "గొంగడిని ఎండల ఏస్తరు, కట్టెతోని దులుపుతరు. ఉడకబెడతారయ్యా ఎవలన్న? అది ఏమన్న కూరనా?"

గాలయ్య నవ్వలే. తునకను ముట్టుకున్నడు, అంచు యాడుందో వేలుతోని దేవులాడిండు. "ఎందుకు ఉతికినవు?"

"వాసన వస్తుందని మామా. పై దేశపోళ్లు ఏమన్న అనుకుంటరని..."

"నువ్వు పుట్టింది దేని మీద?"

ఇస్రాయేలు కింద పడ్డ గోనెసంచి తీసి మడత పెట్టబట్టిండు.

"మీ అవ్వ నిన్ను గన్న పొద్దు వాన. మీ ఇంట్ల ఏసుకోనీకి ఏం లేదని మా అమ్మ గొంగడి ఇచ్చింది. గా వాసనల్నే పుట్టినవు, గా వాసనల్నే పాలు తాగినవు. పాడు జేసినవని కాదురా నాకు. చేతులు జేసినయి, చేతులు చెడగొట్టినయి, ఉంటది. మా వాసనకు సిగ్గుపడ్డవు సూడు, గది..."

మాట పూర్తి చెయ్యలే. మెడ తిరగదు గాబట్టి మొత్తం మనిషే గోడ దిక్కు తిరగబట్టిండు, చెయ్యి ఆనిచ్చుకుంట, కొంచెం కొంచెంగ, మూలుగుకుంట. తిరిగేసరికి ఎంతసేపు పట్టిందో. ఇస్రాయేలు నిలబడి చూసుకుంటనే ఉన్నడు, ఒక్క దెబ్బ కొట్టినా అంత నొప్పి కాకపోవు.

జెమ్మమ్మ ముంత పక్కకు పెట్టింది. చెయ్యి చాపి ఆ తునకను ఒడిలకు గుంజుకున్నది, ముక్కు ఆనిచ్చింది. "సబ్బు వాసన" అన్నది.

"సిస్టరమ్మా, నాది తప్పు. పొద్దటి సంది చెప్పాలనే..."

"నాకు ఎరుకే. మా నాయిన చేసిన పెట్టె ఒకటి నేను చిన్నగున్నప్పుడు నీళ్లల్ల ఏసి కడిగిన, మెరవాలని. వారం దినాలు మంచం కింద దాచిన. నీ ముఖం పొద్దటి సంది గట్లనే ఉంది." జర ఆగి, దమ్ము తీసుకొని, "మంచం కింద ఏదో ఉందనుకున్న. జీపు సీటు కింద అనుకోలే."

అండాలు మల్ల నవ్వింది. గాలయ్య వీపు మాత్రం కదలలే.

"గాలయ్యా, ఇది నేను తీస్కపోతున్న."

"ఏం చేసుకుంటవమ్మా దాన్ని?" అన్నడు గోడతోని.

"మా చెల్లె అడుగుతది, ఎవరి చెయ్యి అని. వడికింది అండాలు చెయ్యి, నేసింది గాలయ్య చెయ్యి అంట. ఇంత చిన్నగెట్లయ్యింది అంటే, ఉతికింది సోమమ్మ చెయ్యి, కట్టెతోని దంచింది ఇస్రాయేలు చెయ్యి అని అది గూడ చెప్త. ఇరవై ఎనిమిదేండ్లల్ల ఇస్రాయేలు నాకు చెప్పిన అబద్ధం ఇదొక్కటే అని గూడ చెప్త. నాలుగు పేర్లున్న వస్తువు ఆ గల్లీ మొత్తం తిరిగినా దొరకదు."

ఇగ గోడకు ఆనిన చెయ్యి మెల్లగ కదిలింది, గాలయ్య ఇటు తిరగబట్టిండు, మల్ల గంతే కష్టంగ. ఇస్రాయేలు పోయి రెట్ట కింద చెయ్యి పెట్టిండు. వద్దు అనలే. మంచిది అని గూడ అనలే.

"గంజి మొత్తం పోయింది" అన్నడు తునకను చూసుకుంట. "వాన నీళ్లు ఆపదు గని సలికి మాత్రం గట్టిగ పట్టుకుంటది. మోకాండ్ల మీద ఏసుకో."

వాపస్ తొవ్వల జెమ్మమ్మ గదే చేసింది. గొంగడి తునక సరిగ్గ రెండు మోకాండ్లకు సరిపోయింది, ఇంచు ఎక్కువ లేదు, ఇంచు తక్కువ లేదు. చండూరు రాకముందే తల పక్కకు ఒరిగి నిద్రపోయింది, నోరు జర తెరుచుకొని, ఇరవై ఎనిమిదేండ్ల అలసట అంత ఒక్కసారే దిగినట్టు. ఇస్రాయేలు గుంత గుంతకు బండి ఆపి, దించి, ఎక్కిచ్చి, నడకకంటే మెల్లగ నడుపుతున్నడు. వెనక లారీ వాడు హారన్ కొట్టి కొట్టి తిట్టుకుంట దాటిపోయిండు.

మధ్యాహ్నం ఎండ, ఇంజను కాక, రెండు కలిసి జీపు లోపల పొయ్యిలెక్క ఉంది. ఆ కాకకు గొంగడి వేడెక్కింది. ముందు సబ్బు వాసన, ఇగ దాని కిందికెళ్లి, కొంచెంగ, చింతగింజల పులుపు, దాని కిందికెళ్లి ఇంకొంచెంగ గొర్రె. అంత దంచినా పోలే. ఇస్రాయేలు అద్దం దించబోయి చెయ్యి ఆపుకున్నడు. చెమట కండ్లల్లకు కారుతాంది, దించలే, గట్లనే మూసిపెట్టి నల్గొండ దాక నడిపిండు.