ఎడమ పై మూలలో గాటు

నాకు ముక్కు మీద కోపం. ఇన్నాళ్ళూ దానికి నిక్కచ్చితనం అని పేరు పెట్టుకుని తిరిగాను. మూడు వారాల క్రితం ఆ నిక్కచ్చితనంతోనే పదకొండు మంది ముందు మా పిన్నిని కడిగిపారేశాను.

పిన్ని అంటే మా అమ్మ సొంత చెల్లెలు. మా ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా టిష్యూ కోసే పని ఆమెదే. దిమ్మలా గడ్డకట్టించిన కణితి ముక్కను మంచులా చల్లగా ఉండే యంత్రంలో బిగించి, వెంట్రుకలో పదో వంతు మందాన పొరలు తీస్తుంది. పొర మడతపడినా, కాస్త వెచ్చదనం తగిలి కరిగినా అంతా వృథా. ల్యాబులో అందరూ ఆమెను కత్తి పిన్ని అంటారు. నేనొక్కదాన్నే మేడమ్ అనేదాన్ని. నేను చేరి ఎనిమిది నెలలే అయింది. చుట్టరికంతో ఉద్యోగం కొట్టేసిందని ఎవరైనా అంటారేమోనని నా భయం. "ఆఫీసులో నువ్వెవరో నేనెవరో పిన్నీ" అని మొదటి రోజే చెప్పాను.

"సరేలేవే, నీ ఇష్టం" అంది.

ఆమె కోత అయ్యాక నా పని మొదలవుతుంది. ఒక పొరకు రంగు వేసి ఫోటో తీస్తారు. దాని పక్క పొరను వేల సన్నటి చుక్కలున్న గాజు స్లైడ్ మీద పరుస్తారు. ఒక్కో చుక్కకూ ఒక్కో చిరునామా. తన మీద పడిన కణాల్లో ఏయే జీన్లు పనిచేస్తున్నాయో ఆ చుక్క పట్టి ఉంచుతుంది. ఆ వివరాలను ఫోటో మీద సరిగ్గా కూర్చోబెడితే కణితిలో ఏ మూల ఏం జరుగుతోందో పటంలా కనబడుతుంది. అలా కూర్చోబెట్టేది నేను.

ఈసారి పటం గందరగోళంగా వచ్చింది. కణితిలో కనబడాల్సిన జీన్లు సగం పక్కనున్న మంచి టిష్యూలో వెలుగుతున్నాయి. ఆ రోగి నుంచి తీసింది ఒక్కటే ముక్క, అందులో మిగిలింది గోరంత. నేను ఇంకేమీ ఆలోచించలేదు. పొర కరిగింది, లోపలి సరుకు పక్కకి కారింది, తప్పు కోసినవాళ్ళది. మీటింగులో అదే అన్నాను.

"నేను బాగానే పరిచానమ్మా. కరగలేదు" అంది పిన్ని.

"మీకు అనిపిస్తే చాలదు మేడమ్, తెర మీద చూడండి. చెయ్యి వణికితే వణికిందని చెప్పాలి. వయసు దాచుకుంటే దాగుతుందా?"

ఆ ఆఖరి మాట అక్కర్లేదు. అయినా అన్నాను. పిన్ని తన చేతుల వంక చూసుకుంది. చుట్టమని చూడకుండా మాట్లాడానని ఆ రోజంతా నన్ను నేనే మెచ్చుకున్నాను. మర్నాటి నుంచి ఆమెను సీసాలు కడిగే గదిలో వేశారు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. మిగిలిన ముక్కను బయటి ల్యాబుకి పంపి కోయిద్దామనుకున్నారు.

ఆ పంపే కాగితాలకు బొమ్మ కావాలంటే నిన్న అసలు ఫోటో ఫైలు తెరిచాను. పిన్నికి ఒక అలవాటుంది. కోయబోయే ప్రతి దిమ్మకూ ఎడమ పై మూలలో బ్లేడుతో చిన్న గాటు పెడుతుంది. పొర ఎటు తిరిగినా ఆ గాటును బట్టి తెలిసిపోతుంది. నేను వాడిన బొమ్మలో గాటు లేదు. అంచులు ముతకగా ఉన్నాయని, బొమ్మ అందంగా ఉండాలని నేనే కత్తిరించేశాను. మా మైక్రోస్కోపు ఫోటోలను అద్దంలో చూసినట్టు ఎడమను కుడి చేసి ఇస్తుంది, కాబట్టి నేను ప్రతిసారీ తిప్పుతాను. ఈ ఫైలులో మాత్రం గాటు ఎడమ పక్కనే ఉంది. పోయిన నెల మైక్రోస్కోపు సాఫ్ట్‌వేర్ మార్చారట, ఇప్పుడు సరిగ్గానే ఇస్తోందట. ఆ మెయిల్ నేను తెరవనే లేదు. సరిగ్గా ఉన్న ఫోటోను నా చేత్తో నేనే తిరగేశాను. ముక్క గుండ్రంగా ఉండబట్టి అంచులు ఎలాగో అతికాయి.

తిప్పకుండా మళ్ళీ కూర్చోబెట్టాను. నాలుగు నిమిషాలు పట్టింది. కణితి జీన్లు కణితిలో, మంచివి మంచిచోట కుదురుకున్నాయి. అంత శుభ్రమైన పటం నేనింతవరకు చూడలేదు. పిన్ని అంత బాగా కోసింది. నాకు సిగ్గేసింది. అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకొకటుంది. పటం బాగుపడిందని మాత్రం చెప్పి, పాతది ఎందుకు చెడిందో చెప్పకుండా తప్పించుకోవచ్చా అని గంటసేపు దారులు వెతికాను.

ఇవాళ పొద్దున మీటింగులో రెండు పటాలూ పక్కపక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

"ఫోటో తిరగేసింది నేను. గాటు కత్తిరించింది నేను. ఆమె కోతలో ఏ లోపమూ లేదు."

మా ల్యాబు పెద్దాయన చెయ్యి ఊపేశాడు. "పోనీలేమ్మా, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. పటం దక్కింది కదా. ఆవిణ్ణి మళ్ళీ కోతకి రమ్మందాం."

చెయ్యని తప్పుకి ఆమెకు సీసాల గది. చేసిన తప్పుకి నాకు పోనీలేమ్మా. ఒళ్ళు మండింది, నా మీద నాకే.

"ఇంకో మాట సార్. ఆవిడ మా సొంత పిన్ని."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇద్దరు తలలు దించుకున్నారు.

"తెలుసమ్మా" అన్నాడు పెద్దాయన. "నువ్వు చేరిన రోజే అందరికీ చెప్పింది. మా అక్క కూతురండీ, భలే తెలివైంది, కానీ మీకు తెలిసినట్టు ఉండకండి, దానికి నామోషీ అని."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నేను వయసు గురించి మాట్లాడుతున్నప్పుడు, ఈ గదిలో ప్రతి ఒక్కరికీ నేనెవరిని అంటున్నానో తెలుసు.

సీసాల గదికి వెళ్ళి, అందరూ వినేలా "పిన్నీ" అని పిలిచి, జరిగిందంతా చెప్పాను. తిట్టమన్నాను.

"తిట్టడమెందుకే. యంత్రం ఆన్ చెయ్యమను, చల్లబడాలిగా" అని చేతులు తుడుచుకుంది.

మధ్యాహ్నం ఆమె పక్కనే నిలబడ్డాను. కోయాల్సిన ముక్కను పిన్ని ముట్టుకోలేదు. ముందు పనికిరాని పాత దిమ్మ ఒకటి బిగించింది. ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ అలా చెయ్యలేదట, పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ చెప్పింది. పిన్ని ఒక పొర తీసి, కుంచెతో సర్ది, గాజు మీదకెత్తి నాకు చూపించింది.

"చూడవే, మడత లేదు కదా? చెయ్యి వణికిందా?"

"లేదు పిన్నీ. చాలా బాగుంది."

గాజును వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది. అది చక్కని పొర. దాన్ని చెత్తడబ్బాలో పడేసి, ఇంకొకటి కోసింది. అదీ బాగుందన్నాను. అదీ పడేసింది. నాలుగోది తీసేటప్పుడు ఎడమ చేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని కోసింది.