సంబంధానికి ముందు సూది

బియ్యం బేరంలో నేను నేర్చుకున్నది ఒకటే. కొనేవాడు బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు లాగాడంటే ధర తగ్గించడానికే. అందుకే డాక్టర్ కమలాకుమారి ఘాజియాబాద్‌లో మా ఇంటికి సిరంజిలతో వస్తే కుర్చీ వేశాను గానీ నమ్మలేదు.

నా భార్య కస్తూరికి కీళ్లవాతం. పొద్దున లేస్తే చాలాసేపు వేళ్లు ముడుచుకోవు. వాళ్లమ్మ హనుమాయమ్మగారికీ ఇదే జబ్బు. కస్తూరి రక్తం తీస్తే అర్థముంది.

"మా అమ్మాయి గౌరిది ఎందుకమ్మా? పిల్ల నిక్షేపంగా ఉంది."

"జబ్బు లేనివాళ్లదీ కావాలండీ. కొందరి రక్తంలో పుట్టుకతో ఒక గుర్తు ఉంటుంది. అది ఎవరికుంది, జబ్బు ఎవరికొచ్చింది అని చాలా ఇళ్లలో చూసి, ఎవరికి ఎంత అవకాశమో కంప్యూటర్‌లో లెక్కగట్టే నమూనా తయారుచేస్తున్నాం."

"మా అడ్రసు ఎవరిచ్చారు?"

"శేషగిరిగారు."

అప్పుడు వెలిగింది. శేషగిరి కస్తూరి తమ్ముడు, ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగి. అతని కొడుకు లక్ష్మీపతికి గౌరిని ఎప్పుడో అనుకున్నాం. ఈమధ్య ముహూర్తం మాటెత్తితే నసుగుతున్నాడు. గౌరి రక్తంలో ఆ గుర్తు ఉందని తేలితే మేనరికం వదిలించుకుందామని సరుకు పరీక్షకు మనిషిని పంపాడన్నమాట.

అంతలో అతనే స్కూటర్ ఆపి లోపలికొచ్చాడు.

"రావయ్యా వియ్యంకుడా! జబ్బు మీ అమ్మది, సూది మా పిల్లకా?"

శేషగిరి కూర్చోలేదు. "మావి పోయిన నెలే తీశారు బావా. గుర్తు నాకుంది. లక్ష్మీపతికీ ఉంది. తెలిస్తే పిల్లనివ్వవని భయపడ్డాను. చెప్పే ధైర్యం చాలక ముందు ఈవిణ్ణి పంపాను."

బేరం తిరగబడింది. కాదనే హక్కు ఇప్పుడు నాది.

"పెళ్లాడే ఇద్దరికీ ఉంటే?" డాక్టర్ని అడిగాను.

"పుట్టే పిల్లలకు జబ్బు వచ్చే అవకాశం కొంత పెరగొచ్చు. కానీ గుర్తున్నవాళ్లలో చాలామందికి జబ్బు రానే రాదు. ఎంత అన్నది నాకింకా తెలియదు."

తెలియదని ఒప్పుకునే మనిషిని నేను మా బియ్యం మండీలో చూడలేదు. కాస్త నమ్మకం కలిగింది.

"అరె పాపా, బస్ కరో," అంది గౌరి, ఇక చాలు నాన్నా అన్నట్టు హిందీలో. "లక్ష్మీపతి బావ నాకు అప్పుడే చెప్పాడు. నేను సరేనన్నాను. నా సంగతీ అతనికి తెలియాలిగా."

"ఎప్పుడు చెప్పాడు? ఎక్కడ?"

గౌరి డాక్టర్ వైపు చెయ్యి చాపింది. కస్తూరి వంటింటి వైపు తిరిగి నవ్వు దాచుకుంది. అంటే ఈ ఇంట్లో తెలియంది నాకొక్కడికే.

"ఆగమ్మా, ముందు నాది తీయండి," అన్నాను డాక్టర్‌తో. "పిల్లకు సగం నా దగ్గర్నుంచే కదా వచ్చింది." సీసా మీద నా పేరు సరిగ్గా రాసేదాకా చూపు తిప్పలేదు.

శేషగిరి ఇంకా నిలబడే ఉన్నాడు. "మరి ముహూర్తం, బావా?"

"ముందు కూర్చో," అన్నాను. "పంతులుకు నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"