పిల్చర్ గడపలో దొరగారి నీడ

ఎండాకాలం శనివారాల్లో పార్లమెంటు సభ్యుడు సర్ ఆంబ్రోస్ థర్కెల్ లండన్లో రైలెక్కి కెంట్‌లోని తన ఊరు హాల్డెన్‌కు వచ్చేవాడు. తెల్ల ప్యాంటు తొడుక్కుని క్రికెట్టాడి, కౌలుదార్ల పిల్లాపాపల్ని పేరుపేరునా పలకరించి వెళ్ళేవాడు. మంచి మనిషని ఊరంతా అనేది. పాపం, ఆయనా నమ్మేవాడు.

ఎన్నికలకు నెల ముందు దొరల జట్టుకూ కౌలుదార్ల జట్టుకూ పోటీ. ఎనోక్ పిల్చర్ అనే కౌలుదారు వేసిన మొదటి బంతే ఆంబ్రోస్ బ్యాటు అంచుకు తగిలి వికెట్ కీపరు చేతుల్లో పడింది. తగిలిందని తనకు తెలిస్తే పెద్దమనిషి అంపైరు వేలు కోసం చూడడు, తనంతట తానే వెళ్ళిపోతాడు. అక్కడి మర్యాద అది. కానీ చుట్టూ అంతమంది ఓటర్లుండగా సున్నాకి వెళ్ళడమా?

అంపైరు ముసలి డాక్టరు. చెవులు కాస్త మందం. "తగిలిందా ఆంబ్రోస్?" అన్నాడు.

"అబ్బే, లేదండీ."

ఆంబ్రోస్ అక్కడే నిలబడ్డాడు. ఆయన నీడ మాత్రం బ్యాటు చంకలో పెట్టుకుని పెవిలియన్ వైపు నడిచి వెళ్ళిపోయింది. డాక్టరుగారి భార్య గౌను సర్దుకుని బెంచీ మీద దానికి చోటిచ్చింది. ఎనోక్ ఆ బెంచీ వైపు చూశాడు, దొర వైపు చూశాడు. "సరే దొరా," అని మళ్ళీ బంతి అందుకున్నాడు.

ఆంబ్రోస్ ఆరోజు డెబ్బై పరుగులు కొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. సాయంత్రం బండెక్కబోతుండగా నీడ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర చేరింది.

ఆ రోజుల్లో ఓటంటే వేదికెక్కి అందరి ముందూ పేరు చెప్పడమే. కౌలుదారనేవాడు దొర పేరే చెప్తాడు. ఎన్నికల రోజున ఎనోక్ అవతలివాడి పేరు చెప్పాడు.

"ఒరేయ్, మతి పోయిందా? నువ్వుండేది ఆయన ఇంట్లోరా!" అని ఎవరో కేకేశారు.

"ఉంటే? క్యాచ్ దగ్గరే బొంకినవాడు పార్లమెంటులో నిజం చెప్తాడా?"

గెలిచింది ఆంబ్రోసే. అయినా ఆ మాట చేపముల్లులా గొంతులో దిగిపోయింది. రెండు రోజుల తర్వాత ఎస్టేటు మేనేజరు బ్రాగ్ వచ్చి, "పిల్చర్‌ను ఖాళీ చేయించనా? మిగతావాళ్ళకూ బుద్ధొస్తుంది," అన్నాడు.

ఆంబ్రోస్ కిటికీలోంచి బయటకు చూస్తూ, "నీ ఇష్టం," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎనోక్ టోపీ చేత్తో పట్టుకుని బంగళా ముందుకొచ్చాడు.

"దొరా, రేపటికల్లా ఇల్లు వదిలిపొమ్మన్నారు. మా ఆవిడ థర్జాకు నెలలు నిండాయి. బిడ్డను బీదల ఆశ్రమంలో కనాలి. ఇది మీ మాటేనా?"

ఆంబ్రోస్ నీళ్ళు నమిలాడు. "నాకేం తెలీదు ఎనోక్. అవన్నీ బ్రాగ్ చూసుకుంటాడు."

ఆయన కాళ్ళ దగ్గర్నుంచి నీడ లేచింది. గేటు దాటి పిల్చర్ ఇంటి దారి పట్టింది. ఎనోక్ టోపీ పెట్టుకుని దానితోపాటే వెళ్ళాడు.

అప్పట్నుంచీ ఆంబ్రోస్ తేలు కుట్టిన దొంగలా గదిలోనే ఉండిపోయాడు. పెట్టిన భోజనం పెట్టినట్టే ఉంది. మర్నాడు ఇక ఉండబట్టలేక పిల్చర్ ఇంటికి నడిచాడు.

వాకిట్లో బ్రాగ్, ఇద్దరు బంట్రోతులు టోపీలు తీసి నిలబడి ఉన్నారు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేం?"

"దొరగారు గడపలో కూర్చున్నారు కదండీ," అన్నాడు బ్రాగ్. "మిమ్మల్ని దాటి లోపలికెలా పోతాం?"

నీడ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. దాని పక్కన కప్పులో టీ చల్లారిపోయింది. తలుపు దగ్గర నడుం పట్టుకుని నిలబడ్డ థర్జా, "నిన్నట్నుంచీ ఇంతే దొరా. ఏమిచ్చినా ముట్టదు," అంది.

ఆంబ్రోస్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "బ్రాగ్ తప్పేం లేదమ్మా. చేయించింది నేనే. ఎనోక్ అన్న మాటకు ఉడుక్కుని చేయించాను. మీరెక్కడికీ పోనక్కర్లేదు." తర్వాత నీడ వైపు వంగి, "పద, ఇంటికి పోదాం," అన్నాడు.

నీడ కదల్లేదు.

"దాన్ని ఉండనివ్వండి," అంది థర్జా. "ఇవాళ మీరు మంచివాళ్ళే. రేపటి సంగతి మాకేం తెలుసు?"

ఆంబ్రోస్ వెనుదిరిగాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక్కడే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికినా మళ్ళీ ఆటకు దిగలేదు. పిల్చర్ల పాప మాత్రం ఆ ఇంట్లోనే పుట్టింది. ఎండ మండిపోయే రోజుల్లో ఆ గడపలో, ఆయన నీడలోనే పాకడం నేర్చుకుంది.