నా నడుం మీది గంటు

నేను ఒక వెదురు బొంగును. నల్లమలలో పుట్టాను. మేదరి బాలన్న నన్ను నరికి, సెగ చూపి వంకర తీసి, కణుపులన్నీ నున్నగా చెక్కాడు. నిమిరినవాళ్ళంతా ఆ నునుపును మెచ్చుకున్నారు. ఆ నునుపే ఒక ఆడమనిషి ప్రాణం తోడుతుందని నాకేం తెలుసు?

నన్ను కొన్న ఓబులేసు బస్తాలు మోసి బతికినవాడు. జ్వరంపడ్డ కూతురు బతికితే అడవి దారిన నడిచి శ్రీశైలం వస్తానని అతని భార్య సుంకులమ్మ మొక్కుకుంది. పిల్ల బతికింది. శివరాత్రికి మొగుడూ పెళ్ళాం బయలుదేరారు. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు, పుల్లలకని ఒక కొడవలి ఒకే మూటగా కట్టి నాకు వేలాడదీసి, చెరో కొన భుజాన పెట్టుకున్నారు.

మిట్ట రాగానే ఓబులేసు ముందుకొచ్చేవాడు. "పులొస్తే ముందర నన్నే పట్టల్ల" అనేవాడు. పల్లం రాగానే వెనక్కి పోయేవాడు. "నువ్వు జారితే పట్టుకోవద్దా?" అనేవాడు.

తోటి యాత్రికులు మురిసిపోయారు. "ఏం పుణ్యం జేసుకున్నావో తల్లీ, ఇట్లాంటి మొగుడు దొరికినాడు!"

నాకు ఒళ్ళు మండిపోయేది. ఎక్కేటప్పుడు మూట వెనక్కి జారుతుంది, దిగేటప్పుడు ముందుకు జారుతుంది. రెండుసార్లూ సుంకులమ్మ భుజం మీదికే! బస్తాలు మోసినవాడికి ఈ సంగతి తెలియదా? నోరులేని వెదురుకే తెలుసే!

భీముని కొలను లోయలోకి దిగేసరికి ఆమె భుజం కమిలి తోలు లేచిపోయింది. కూలబడింది. ఎదురుగా ఆఖరి ఎక్కుడు నిలువునా ఉంది.

"చాతగాకుంటే వెనక్కి పోదాం పా. ఆడదానికి ఈ దారి యాలని ఆ పొద్దే జెప్తి" అన్నాడు ఓబులేసు. మొక్కు ఆమెది, విడిచిపెట్టే తొందర అతనిది!

సుంకులమ్మ అతని భుజం మీది తువ్వాలు వైపు చూసింది. మడత కూడా నలగలేదు. మూటలోంచి కొడవలి తీసింది. నన్ను జానలతో కొలిచి, నడిమి దొరికాక అతని వైపుకు ఇంకో జాన జరిగి, లోతుగా గంటు పెట్టింది. నాకు నొప్పే తెలియలేదు. మూట తాడును ఆ గంటులో బిగించింది.

"ముందర నువ్వే గదా. పద."

సగం ఎక్కేసరికి ఓబులేసు రొప్పుతున్నాడు. "ఏందే ఇంత బరువు! రాళ్ళేమన్నా ఏసినావా?"

"పొద్దన్నుంచి అదే మూటయ్యా" అంది సుంకులమ్మ.

మొక్కు తీరింది. ఇప్పుడు నేను వాళ్ళింట్లో బట్టలారేసే దండేన్ని. "దారంతా నేనే ముందర నడిచి తీసకపోయినా" అని వచ్చినవాళ్ళకల్లా ఓబులేసు ఇప్పటికీ చెబుతాడు. సుంకులమ్మ ఆ మాట వింటూనే తడిచీర తెచ్చి నా మీద ఆరేస్తుంది. గంటును మాత్రం కప్పదు.