బొగ్గుకు నేర్పిన మర్యాద

దర్జీ ఇంటి ముందుగదే అతని కొట్టు. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా ఆ ఇంటి కుక్క ఎగిరి మీదపడేది. నల్లగా ఉంటుందని దానికి బొగ్గు అని పేరు. ఒక లాయరమ్మ తెల్లచొక్కా మీద మట్టికాళ్ల ముద్రలు పడ్డాక, ఇలాగైతే గిరాకీ పోతుందని భార్య పట్టుబట్టి, పశువుల ఆసుపత్రి వెనక మైదానంలో ఆదివారాలు జరిగే కుక్కల క్లాసులో దాన్ని చేర్పించింది.

"ఇంట్లో నా మాట జవదాటదండీ. బయటికొస్తేనే దీనికి కొమ్ములొస్తాయి," అన్నాడు దర్జీ ట్రైనర్‌తో. కోతలు కోయడంలో అతను తన కత్తెరకేమీ తీసిపోడు.

ట్రైనర్ నెమ్మదైన మనిషి. చెయ్యెత్తితే కుక్క కూర్చోవాలి, కూర్చోగానే దానికో రొట్టెముక్క పెట్టాలి, ఆమె చెప్పే మొదటి పాఠం అంతే. తన వంతు రాగానే దర్జీ చెయ్యెత్తాడు.

బొగ్గు కూర్చోలేదు. తోక కాళ్ల మధ్య దూర్చుకుని, నేలకు కరుచుకుపోయి, ఉన్నచోటే తడిపేసుకుంది.

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ట్రైనర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "దీన్ని ఎవరో కొడుతున్నారండీ. ఇంట్లో ఎవరెవరుంటారు?"

భార్య స్కూలు ఆఫీసులో పనికి వెళ్లాక, బల్లమీది చెక్క స్కేలు బొగ్గు వీపు మీద ఎన్నిసార్లు పడిందో దర్జీకే తెలుసు. గుడ్డ లాగితే ఒకటి, మొరిగితే ఒకటి. గిరాకీ లేని రోజున ఏమీ చేయకపోయినా ఒకటి.

అతను నోరు విప్పేలోగా పక్కనున్న భార్యే అందుకుంది. "ఇంకెవరు, మా తమ్ముడే! మొన్నటిదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. వాడి కోపం నాకు తెలీదా?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? దర్జీ అనలేదు. పైగా తలూపాడు.

ఇంటికెళ్లే దారిలోనే భార్య ఫోన్ తీసి తమ్ముణ్ణి కడిగేసింది. "నోరులేని జీవంరా అది! చేతులెలా వచ్చాయిరా నీకు?" అవతలినుంచి "అక్కా, నా మాట విను..." అన్న గొంతు దర్జీ చెవిన పడుతూనే ఉంది. గొలుసు పట్టుకుని కాస్త వెనకబడి నడిచాడు.

బావమరిది లారీలు బాగుచేసే మెకానిక్. మర్నాడు సాయంత్రం పనిబట్టలతోనే వచ్చాడు. గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, బొగ్గు కుట్టుమిషన్ కిందినుంచి దూసుకొచ్చి, అతని గ్రీజు చేతులు నాకి, వెల్లకిలా పడి పొట్ట చూపించింది.

భార్య చూపు తమ్ముడి మీదినుంచి మొగుడి మీదికి మళ్లింది.

"వాడు కాదు," అన్నాడు దర్జీ. "నేనే. నిన్న చెప్పలేకపోయాను."

బావమరిది కుక్క పొట్ట నిమురుతూనే తలెత్తాడు. "దాన్ని కొట్టావు సరే బావా. అక్కచేత నన్నెందుకు కొట్టించావు?"

అరిచినా బాగుండేది. ఆ మెత్తటి మాటకు దర్జీకి తల కొట్టేసినట్టయింది. తమ్ముడు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాక భార్య అంది, "అబద్ధం అందరి ముందూ ఆడారు. నిజం కూడా అక్కడే చెప్పండి."

మరుసటి ఆదివారం చెప్పాడు. ఎవరో "ఛీ" అన్నారు. ట్రైనర్ మాత్రం తిట్టలేదు. "కింద కూర్చోండి. పక్కకు తిరగండి. పిలవద్దు, ముట్టుకోవద్దు. రావాలనిపిస్తే అదే వస్తుంది."

మిగతా కుక్కలు బుద్ధిగా లేస్తూ కూర్చుంటూ ఉంటే, దర్జీ అరచేతిలో రొట్టెముక్కతో మట్టిలో చతికిలబడ్డాడు. బొగ్గు రాలేదు. ఆ తర్వాత వారాల్లోనూ రాలేదు. పాఠం ఎవరికో చూసేవాళ్లకు అర్థమవుతూనే ఉంది.

చివరికొక ఆదివారం మెడ బారుగా చాచి, ముక్క అందుకుని, గభాలున వెనక్కి పోయింది. "భేష్!" అంది ట్రైనర్, కుక్కతో.

ఆ రాత్రి, ఇన్ని వారాల తర్వాత, భార్య అతనికి ఎదురుగా కూర్చుని భోంచేసింది. బావమరిది మాత్రం ఇంకా గడప తొక్కలేదు. దర్జీ ఫోన్ చేస్తే ఎత్తుతాడు, బొగ్గు ఎలా ఉందని అడుగుతాడు, పెట్టేస్తాడు.